మోకాళ్ల నూనె

హిందూపురం,
జూన్ 14, 2023.

లక్ష్మీదేవక్కకు మున్నీబీ రాసుకునేది.

ఇక్కడ అందరం బాగున్నామని మొదలుపెట్టడం మామూలు. నాకు మొదటి వరసలోనే అబద్ధం రాయాలని లేదు. పంట పోయి ఊరు వదిలి నేటికి పదకొండు రోజులు. మా అబ్బాయి బాబావలి ఇంట్లో వంటగదికీ బాత్రూముకీ మధ్య సందులో చాప వేసుకున్నాను. నువ్వు ఫోన్ మాత్రం చెయ్యకు. నీ ఫోన్ వస్తే నా కోడలు మహజబీన్ స్పీకర్లో పెట్టి, కూరగాయలు తరుక్కుంటూ మొత్తం వింటుంది. ఏడో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చుని చదివినవాళ్లం, మనకు ఉత్తరాలే నయం.

రీలింగు యూనిట్లో పనికి చేరాను. మరిగే నీళ్లలో పట్టుగూళ్లు వేస్తారు, అందులో చేతులు పెట్టి ఒక్కో గూటికీ దారపు కొస వెతకాలి. నా గూళ్లను గోతాల్లో ఇదే ఊరి మార్కెట్టుకు తెచ్చి అమ్మినదాన్ని. ఇప్పుడు ఎవరో పండించినవి ఉడకబెడుతున్నాను. వేళ్ల చివర తోలు తెల్లబడి ఊడుతోంది.

నా పట్టుపురుగులు గుర్తొస్తే ముద్ద దిగదక్కా. నాలుగో జ్వరం లేచి ఐదో రోజు. జ్వరమంటే పురుగు మేత మాని కుబుసం విడిచే రోజులని చెబితే నా కోడలు నవ్వుతుంది, పురుగులకు జ్వరమా అని. ఇంకో రెండు రోజులు మేసి ఉంటే వెదురు చంద్రికల మీదికెక్కి గూళ్లు కట్టేవి. తెల్లారి షెడ్డు తలుపు తీస్తే మల్బరీ ఆకు కొరికే చప్పుడే లేదు. తలలు వేలాడేసి, పచ్చగా కక్కుకుని, బెడ్డు మొత్తం చచ్చి పడి ఉన్నాయి. నువ్వూ చూశావు కదా.

ఇదంతా మీ పక్కింటి యశోదమ్మ చేసిన పనే. ముయ్యికి పిలిచాను, కాదనను. ఆమె నా షెడ్డులో తొమ్మిది రోజులు ఆకు మేపాలి, బదులుగా నేను ఆమె శెనక్కాయల పంటకు తొమ్మిది రోజులు పోవాలి. అంతవరకూ బాగానే ఉంది. కానీ మోకాళ్లకు ఆ ఘాటు నొప్పుల నూనె రుద్దుకుని పురుగుల దగ్గరికి వస్తుందా ఎవరైనా? షెడ్డు పక్కన మనం తిరగమోత కూడా వెయ్యం. అగరొత్తి వెలిగించం. పౌడరు పూసుకున్న పిల్లను గుమ్మంలోనే ఆపేస్తాం. ఆ పొద్దు అందరి ముందూ అన్నదే మళ్లీ అంటున్నాను, ఆ నూనె వాసనకే నా పురుగులు చచ్చాయి.

ఆమెను ఎవరి షెడ్డు గడపా తొక్కనివ్వకండి. ఎవరూ ఆమెతో ముయ్యి కలపకండి. ఇది నా మాటగా ఊళ్లో చెప్పు.

మున్నీబీ


గుట్టకిందపల్లి,
పెనుకొండ మండలం,
జూలై 2.

చెల్లీ మున్నీ,

చెప్పమన్నావు. చెప్పడం కాదు, చదివే వినిపించాను. పొదుపు సంఘం మీటింగుకు ఇరవై మంది వచ్చారు. పదేళ్లు ఆ సంఘం తీర్మానాలు రాసింది నువ్వు. నీ రాత చూస్తే మనవాళ్లకు కోర్టు కాగితం చూసినంత నమ్మకం. అదే నేను నోటితో చెప్పి ఉంటే, పక్కింటామె మీద అక్కసుతో కల్పించింది అనేవాళ్లు.

యశోదమ్మ అక్కడే గోడకు ఆనుకుని కూర్చునుంది. నేను చదవడం అయ్యాక లేచి వచ్చింది. "మున్నక్క ఆ పొద్దు ఏడుపులో అనింది గానీ, అట్ల రాయదు. ఏదీ, సూపీ" అంది. చదువు రానిదానికి కాగితం చూసి ఏం తెలుస్తుంది? అయినా ఇచ్చాను. పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, "ఇది ఆయక్క రాతేనా? నిజంగా ఆయక్క రాతేనా?" అని అడిగింది. అందరూ అవునన్నారు. కాగితం మడతపెట్టి నా చేతికిచ్చి వెళ్లిపోయింది. నీ దగ్గర దాపరికం ఎందుకు, ఆ రోజు నాకు అన్నం బాగా సయించింది.

ఆ మోరీ సంగతి నీకు తెలుసు. పదకొండేళ్లుగా ఆమె ఇంట్లో గిన్నెలు కడిగిన నీళ్లు, స్నానం నీళ్లు నా వాకిట్లోంచే పారేవి. ఎంతమంది పెద్దమనుషులను పిలిచాను! పిలిచిన ప్రతిసారీ "మీ వాకిలి కిందికుండాది, నన్నేం సేయమంటావు" అనేది. మొన్న ఒక సిమెంటు బస్తా తెప్పించి మోరీ నోరు మూయించేశాను. నీళ్లు వెనక్కి తిరిగి ఆమె ఇంట్లోకే పోయాయి. ఇదివరకైతే పదిమంది వచ్చి అడ్డుపడేవాళ్లు. ఈసారి ఒక్కడు అడిగితే ఒట్టు.

ఆమె మొగుడు చౌడప్ప వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "అమ్మా, పొయ్యికాడికి నీళ్లొస్తాండాయి" అన్నాడు.

"మున్నీబీ కండ్లల్లో గూడా నీళ్లొచ్చినాయి. ఆ పొద్దు యాడుండావు నువ్వు?" అన్నాను.

చౌడప్ప గొర్రెలు తోలుకుని పోయాడు.

పిల్లకాయలు ఆమెకు కొత్త పేరు పెట్టారు, నూనె యశోదమ్మ అని. ఆమె కొళాయి దగ్గరికి వస్తే అందరూ ముక్కులు మూసుకుంటారు. చూసి నవ్వలేక చస్తున్నాం. నీ షెడ్డుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. నేను చూసుకుంటున్నాలే.

లక్ష్మీదేవమ్మ


హిందూపురం,
సెప్టెంబరు 9.

లక్ష్మీదేవక్కకు,

నీ ఉత్తరం యూనిట్లో టీ వేళకు చదివాను. నూనె యశోదమ్మ అన్న పేరు దగ్గర ఆగి ఆగి మూడుసార్లు చదువుకున్నాను. నవ్వు వచ్చి ఎన్నాళ్లయిందో. ఇంట్లో నాకు నవ్వే పని ఏం ఉంది? నేను పని నుంచి రాగానే మహజబీన్ కిటికీ తీస్తుంది. ఉడికిన పురుగుల వాసన కొడుతున్నానట. "అత్తా, మీరు బయట కాళ్లు సేతులు కడుక్కోని, రవ్వంతసేపు ఆడనే కూర్చోని రాండి" అంటుంది. నా కొడుకు టీవీ శబ్దం పెంచుతాడు. నా షెడ్డు గుమ్మంలో బ్లీచింగు నీళ్లలో కాళ్లు కడిగించి గానీ ఎవరినీ లోపలికి రానివ్వనిదాన్ని. ఇప్పుడు నా కొడుకు గుమ్మంలో నేను కాళ్లు కడుక్కుని కూర్చుంటున్నాను. ఆ పురుగులు చావకపోయి ఉంటే ఈ బతుకు నాకు వచ్చేదా?

అందుకే నాకు ఆమె మీద జాలి రాదు. శెనక్కాయలు పీకే రోజులు వస్తాయి కదా. ఒక్కరు కూడా ఆమె చేనులో కాలు పెట్టకూడదు. ముయ్యికీ వద్దు, కూలికీ వద్దు. నేను ఆమెకు బాకీ పడిన తొమ్మిది రోజులు ఇక లేనట్టే. ఈ మాట కూడా మీటింగులో చదువు. కావాలంటే కింద నా సంతకం పెట్టాను చూడు.

ఒక్క సంగతి. ఆమె ఏమైనా అంటోందా? ఆ సాయంత్రం షెడ్డు దగ్గర జరిగిన దాని గురించి ఎవరితోనైనా ఏమైనా చెప్పిందా? ఊరికే అడుగుతున్నాను, ఇంకేం లేదు.

మున్నీబీ


గుట్టకిందపల్లి,
నవంబరు 21.

చెల్లీ మున్నీ,

ఆలస్యంగా రాస్తున్నా, కానీ మంచి కబురుతోనే. యశోదమ్మ పీడ వదిలింది.

నీ రెండో ఉత్తరం కూడా చదివాను, సంతకం అందరికీ చూపించాను. శెనక్కాయలు పీకే వారం వచ్చింది. ఊళ్లో అందరి చేలల్లో పది పది మంది. ఆమె చేనులో మొగుడూ పెళ్లామూ ఇద్దరే. వంగితే లేవలేదు కదా, ఆ మోకాళ్ల మీదే పాక్కుంటూ ఒక్కో చెట్టూ పీకింది. నేను మా గట్టు మీద కూర్చుని రోజూ చూశాను. నాలుగో రోజు పొద్దున ఇల్లిల్లూ తిరిగింది. "మున్నక్క నాకు తొమ్మిది దినాలు పడింది గదా, ఆయక్క బదులు ఎవురన్నా రాండమ్మా, ఒక్క దినమన్నా రాండి" అని అడిగింది. తలుపు తీసినవాళ్లు ముక్కు మూసుకుని మళ్లీ వేసుకున్నారు.

తర్వాత వాన పట్టుకుంది, అయిదు రోజులు. పీకని చేనంతా భూమిలోనే కాయలు మొలకెత్తాయి. పీకి ఆరేసినవి బూజు పట్టాయి. చౌడప్ప గట్టు మీద కూర్చుని మొలకెత్తిన కాయ ఒలిచి, చూసి, మళ్లీ ఇంకొకటి ఒలిచి చూస్తున్నాడు. పిచ్చివాడు, అన్నీ ఒకటే కదా.

గొర్రెలు అమ్మేశారు. పోయిన సోమవారం ఆటోలో సామాను వేసుకుని ధర్మవరం పోయారు. అక్కడ ఎవరో మగ్గాల వాళ్ల ఇంట్లో కండెలు చుట్టే పని దొరికిందట. సాగనంపడానికి ఎవరూ రాలేదు. నేను మాత్రం వాకిట్లో నిలబడ్డాను. పదకొండేళ్లలో మొదటిసారి నా వాకిలి పొడిగా ఉంది.

నువ్వు అడిగావు కదా, ఆమె ఏమీ చెప్పలేదు. ఎవరైనా గుచ్చి అడిగితే ఒకటే మాట, "మున్నక్కే వొచ్చి సెప్తాది లే" అని. ఏం చెబుతావని ఆమె ఆశ?

ఇక నువ్వు ఆ సందులో చాప మీద పడి ఉండే పనేం లేదు. ఉగాదికి వచ్చెయ్. నీ షెడ్డూ నా షెడ్డూ కలిపి చేద్దాం. నా ఆకంతా నీదే అనుకో.

లక్ష్మీదేవమ్మ


హిందూపురం,
డిసెంబరు 18.

లక్ష్మీదేవక్కకు,

ఉగాదికి రమ్మన్నావు. ఆ మాట చదివి ఏడ్చాను. నా షెడ్డు తలుపు నేను తీసుకునే రోజు కోసమే బతుకుతున్నాను. కానీ దానికి ముందు ఒకటి అడగాలి.

మా యూనిట్‌కు పట్టు రైతులకు సలహాలు చెప్పే ఒక పెద్దాయన వస్తుంటాడు. మాటల్లో నా పంట సంగతి వచ్చింది. ఆ పొద్దు కబురు విని వచ్చిన బాబావలి తీసిన ఫోటో ఉంటే, వాడి ఫోన్ అడిగి తెచ్చి చూపించాను. చూడగానే అన్నాడు, "ఇది నూనె వాసనకు గాదమ్మా. పచ్చగా కక్కినాయి సూడు, తలకాయలు ఊపి ఊపి సచ్చినాయి. ఆకులో పురుగుమందు ఉండాది. ఆకు యాడిది?" అని.

ఆ సాయంత్రం నా తోటలో ఆకు అయిపోతే నీ తోటలోంచి మూడు మోపులు కోసుకున్నాను. కోసింది నేను, మోసింది యశోదమ్మ, ఇచ్చింది నువ్వు. నీ తోటకు మందు కొట్టావా అక్కా? కొట్టి నాకు చెప్పలేదా?

నిజమైతే ఊరికి చెప్పు. యశోదమ్మ తప్పు లేదని నువ్వే మీటింగులో చెప్పు. పాపం, ఏమీ లేనివాళ్లు. ఇంత అన్యాయం నీ నోటి వల్ల జరిగితే నువ్వు ఎలా తింటున్నావు, ఎలా పడుకుంటున్నావు?

మున్నీబీ


గుట్టకిందపల్లి,
జనవరి 5, 2024.

మున్నీ,

తింటున్నాను. పడుకుంటున్నాను. నీకెందుకు ఆ బెంగ?

మందు కొట్టాను. నువ్వు రావడానికి నాలుగు రోజుల ముందు. ఆకుముడత పట్టింది, నా పురుగులు అప్పటికే గూళ్లు కట్టేశాయి, నెల దాకా నాకు ఆకు అక్కర్లేదు. నువ్వు పరుగెత్తుకుంటూ వచ్చి "అక్కా, మూడు మోపులియ్యి, నా పురుగులు పస్తుంటాయి" అన్నావు. చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఆకు ఇవ్వడం ఇష్టం లేక సాకు చెప్పానంటావు. నీ సంగతి నాకు తెలియదా? కడిగి వేసుకుంటుందిలే అనుకుని ఊరుకున్నాను. అది నా తప్పే. నా తప్పు అంతవరకే.

మిగతాది నీ చేతిలో జరిగింది. ఆ సాయంత్రం నేను నీ షెడ్డు గోడకు ఇవతల అంట్లు తోముతున్నాను. యశోదమ్మ మోపు దించి, ఆకు చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. "మున్నక్కా, ఈ ఆకు మందు వాసన వస్తాండాది. ఎయ్యొద్దు. ఒక పూట పస్తుంటే సావవు" అంది. నువ్వు ఏమన్నావు? "అది ఆకు వాసన గాదు, నీ మోకాళ్ల నూనె వాసన. నోరు మూసుకోని పరుచు" అన్నావు. ఆమె పరవనంది. ఆకు పరిచింది నీ చేతులే.

పొద్దున పురుగులు చచ్చాక ఊరంతా నీ షెడ్డు ముందు ఉంది. నేను ఎవరి పేరూ ఎత్తలేదు. యశోదమ్మ కూడా ఎత్తలేదు, నీకు ఆకు ఇచ్చిన నన్ను కూడా చూపించలేదు. వేలెత్తింది నువ్వు. ఆమె ఏం చెబుతుందోనని భయపడి, ఆమె నోరు తెరవకముందే నూనె నూనె అని అరిచావు. నేను చేసిందల్లా నువ్వు రాసింది చదవడం. అక్షరం కలపలేదు, అక్షరం తియ్యలేదు.

ఇప్పుడు నన్ను ఊరికి చెప్పమంటున్నావు. సరే, చెబుతాను. చెబితే మొత్తం చెబుతాను. నా మందు సంగతి, గోడకు ఇవతల నేను విన్నది, సంతకంతో ఉన్న నీ ఉత్తరాలు, అన్నీ ఒకే మీటింగులో. నాకేమవుతుంది? నాలుగు రోజులు తిడతారు. నా ఇల్లు ఇక్కడే ఉంది, నా తోట ఇక్కడే ఉంది. నువ్వు మాత్రం ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని షెడ్డు తలుపు తీస్తావో ఆలోచించుకో. నీతో ముయ్యి ఎవరు కలుపుతారో కూడా ఆలోచించుకో.

లేదా నోరు మూసుకుని ఉండు. ఉగాదికి ముందు నీ షెడ్డుకు సున్నం కొట్టిస్తాను. వచ్చి కొత్త పురుగులు దించుకో. ఏదో ఒకటి రాయి.

అంత జాలి పొంగితే ధర్మవరం పోయి ఆమెను చూసి రా. స్టేషను వెనక వీధిలో ఉంటున్నారట.

లక్ష్మీదేవమ్మ


ధర్మవరం రైల్వే స్టేషను,
ఫిబ్రవరి 11.

లక్ష్మీదేవక్కకు,

వచ్చాను. చూశాను. రైలు పెనుకొండలో ఆగినప్పుడు తల వంచుకుని కూర్చున్నాను, మన ఊరివాళ్లు ఎవరైనా ఎక్కుతారేమోనని.

స్టేషను వెనక వీధిలో అడిగితే చూపించారు. ఒకటే గది. యశోదమ్మ నేల మీద కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. నన్ను చూసి గోడ పట్టుకుని లేచింది. లేవడానికి ఎంతసేపు పట్టిందో! నేను చెయ్యి అందించలేదు, గుమ్మంలోనే నిలబడ్డాను. ఆమె మొగుడి వైపు తిరిగి, "నేను సెప్పలే? మున్నక్క వస్తాదని సెప్పలే?" అంది. చౌడప్ప మంచం ఖాళీ చేసి బయటికి పోయి మెట్టు మీద కూర్చున్నాడు.

టీ పెట్టింది. నా కొడుకు ఎలా ఉన్నాడు, కోడలు బాగా చూసుకుంటోందా అని అడిగింది. తిట్టలేదక్కా. తిడుతుందని సిద్ధమై పోయాను, నాలుగు తిట్లు పడితే నాకూ కొంత బరువు తగ్గేది. ఆ అవకాశం ఇవ్వలేదు.

ఆమె అడిగింది ఒక్కటే. దేవుడి పటం వెనకనుంచి నాలుగు తెల్ల కాగితాలు, ఒక పెన్ను తీసింది. నేను ఎప్పుడొస్తే అప్పుడు ఉండాలని కొని పెట్టుకుందట. "పురుగుల్ని యశోదమ్మ సంపలేదు అని రాసియ్యక్కా. ఇంకేం వద్దు. లక్ష్మీదేవమ్మ మాట గూడా రాయొద్దు, ఎవురి పేరూ వద్దు. నీ రాతయితే ఊరు నమ్ముతాది. ఈయప్ప గొర్రెలు ల్యాక ఈడ బతకల్యాడు. పొద్దు పొడిస్తే పోయి ప్లాట్‌ఫారం మింద కూర్చుంటాడు, రైళ్లు లెక్క పెట్టుకుంటా. ఊరికి పోదామే, ఊరికి పోదామే అంటాడు" అంది.

పెన్ను చేతిలోకి తీసుకున్నాను. నిజంగా రాద్దామనే తీసుకున్నాను. పేరు లేకుండా ఒక్క వాక్యం రాసినా సరే, మరి ఎవరు చంపారని మొదట అడిగేది నన్నే. అప్పుడు మా ఇంటి సందులో చాప గుర్తొచ్చింది. మహజబీన్ తెరిచే కిటికీ గుర్తొచ్చింది. సున్నం కొట్టిన షెడ్డు, కొత్త చంద్రికలు కళ్ల ముందుకు వచ్చాయి. పెన్ను కింద పెట్టేశాను.

"వేళ్లు ఆడల్యా యశోదా. మరిగే నీళ్లల్లో పెట్టి పెట్టి తోలు పోయింది. పెన్ను పట్టుకోడానికి ల్యా" అన్నాను.

నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్లు చూసింది. "అయ్యో, ఇట్లయినాయా తల్లీ" అంది. గూట్లోంచి సీసా తెచ్చింది. అదే నూనె. ఒక్కో వేలికీ మెల్లగా రుద్దింది, పది వేళ్లకూ. రుద్దుతూ, "నొప్పి పోతాది. తొందరేముండాది, నయమైనాంక రాసి పోస్టు సెయ్యి" అని ఆ నాలుగు కాగితాలూ పెన్నూ నా సంచిలో పెట్టింది. నేను వస్తుంటే చౌడప్ప మెట్టు మీద జరిగి దారి ఇచ్చాడు. అతను నా మొహం చూడలేదు, సంచి వైపు చూశాడు. అందులో తన ఊరు ఉందనుకున్నాడేమో.

రైలుకు ఇంకా గంట ఉంది. ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఇది రాస్తున్నాను. ఆమె కాగితాల మీదే, ఆమె పెన్నుతోనే. నాలుగో కాగితం కూడా చివరికి వచ్చింది. చూడు, ఒక్క అక్షరం వంకర పోలేదు. నూనె వాసన మాత్రం పోవడం లేదు, కొళాయి దగ్గర రెండుసార్లు కడిగాను.

ఉగాదికి వస్తాను. షెడ్డుకు సున్నం కొట్టించు. ఈ ఉత్తరం మాత్రం ఎవరికీ చదివి వినిపించకు.

మున్నీబీ